అబార్షన్ తర్వాత నెలసరి: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో నా ఓపీకి అబార్షన్ అయిన నెలకో, నెలన్నరకో వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "మేడమ్, మళ్లీ డేట్ ఎప్పుడు వస్తుంది?" మాత్రలతో అయినా, క్లీనింగ్ (ఆసుపత్రిలో గర్భసంచిని శుభ్రం చేయడం) చేసినా మామూలుగా 4 నుంచి 8 వారాల్లో వస్తుంది. ఈలోపు ఇంట్లోవాళ్లూ పక్కింటివాళ్లూ చెప్పే మాటలతోనే టెన్షన్ అంతా.

అపోహ: మాత్రలు వేసుకున్నాక అయ్యే బ్లీడింగే నెలసరి.

వాస్తవం: కాదు. అది గర్భం పడిపోయేటప్పుడు అయ్యే రక్తస్రావం. రెండు వారాలు, కొందరికి నెల దాకా మరకలు కనిపిస్తాయి. అబార్షన్ అయిన తేదీని కేలెండర్‌లో రాసుకుని అక్కణ్నుంచి వారాలు లెక్కపెట్టండి.

అపోహ: మళ్లీ నెలసరి వచ్చేదాకా గర్భం రాదు.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టే మాట ఇదే. నెలసరికి సుమారు రెండు వారాల ముందే అండం విడుదలవుతుంది. అబార్షన్ తర్వాత అది 8-10 రోజులకే జరగొచ్చు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకమ్మాయిని అత్తగారు తీసుకొచ్చారు. రెండు నెలలైనా డేట్ రాలేదట, లోపల చెడు రక్తం నిలిచిపోయిందేమోనని ఆవిడ రోజూ నువ్వులూ బెల్లం దంచి పెడుతున్నారు. స్కాన్ చేస్తే ఏడు వారాల గర్భం. ఆ పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

అందుకే జాగ్రత్త మొదటి రోజు నుంచే కావాలి. గర్భనిరోధక మాత్రలు వెంటనే మొదలుపెట్టొచ్చు. కాపర్-టీ అయితే అబార్షన్ పూర్తయిందని తేలాక వేస్తాం. ప్రభుత్వాసుపత్రుల్లో గర్భం రాకుండా ఇచ్చే అంతర ఇంజెక్షన్ ఉచితం. దానివల్ల నెలసరి తప్పినా, అసలు ఆగిపోయినా లోపల రక్తం పేరుకున్నట్టు కాదు.

అపోహ: తర్వాతి నెలసరి ఎక్కువైతే గర్భసంచి దెబ్బతిన్నట్టే.

వాస్తవం: మొదటి ఒకటి రెండు నెలలు ఎక్కువతక్కువలు సహజం. కానీ గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, దుర్వాసన వస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) క్యాజువాలిటీకైనా వెళ్లండి. 8 వారాలు దాటినా డేట్ రాకపోతే ముందు గర్భ పరీక్ష. అది కాదని తేలి, క్లీనింగ్ జరిగి ఉండి, నెలనెలా నొప్పి మాత్రమే వస్తుంటే గర్భసంచి గోడలు లోపల అతుక్కున్నాయేమో చూడాలి. అరుదు, వైద్యం ఉంది.

అపోహ: పెరుగు తింటే నెలసరి ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. ఇలాంటి పథ్యాల పేరుతో రక్తం పోయిన ఒంటికి గుడ్డూ ఆకుకూరా పప్పూ మాన్పించడమే తప్పు.

అపోహ: భర్త సంతకం లేకపోతే డాక్టర్ చూడరు.

వాస్తవం: 18 ఏళ్లు నిండితే మీ సమ్మతి చాలు, పెళ్లయినా కాకపోయినా. వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. ఈ భయంతోనే మెడికల్ షాపులో చాటుగా కిట్ కొని మింగి, లోపల ముక్కలు మిగిలిపోయి నెలంతా బ్లీడింగ్‌తో వస్తుంటారు. అలా వేసుకున్నా సరే, దాచకుండా రండి. ఏ మాత్ర, ఏ రోజు వేసుకున్నారో చెబితే మిగతాది మేం చూసుకుంటాం.