టీనేజ్ పిల్లలు, బండి తాళాలు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో డ్రైవింగ్ నేర్పుతాను. స్కూళ్లు పిలిస్తే తొమ్మిది, పది తరగతుల పిల్లలతో రోడ్డు భద్రత గురించి మాట్లాడతాను. పిల్లల కంటే ముందు తల్లిదండ్రులను పిలిపించమని అడుగుతాను, ఎందుకంటే తాళం ఇచ్చేది ఇంట్లోవాళ్లే. ఆ మీటింగుల్లో ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: పదహారు నిండితే స్కూటీ నడపొచ్చు.

వాస్తవం: 16 ఏళ్లకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ మించని బండినే, అదీ లైసెన్సు ఉంటేనే. మన ఇళ్ల ముందు కనిపించే స్కూటర్లు దాదాపు అన్నీ 50 సీసీ దాటినవే. వాటికి 18 నిండాల్సిందే.

అపోహ: పట్టుబడితే చలానా కట్టేస్తే సరి.

వాస్తవం: 2019లో మోటారు వాహనాల చట్టానికి 199ఏ సెక్షన్ చేర్చారు. మైనర్ నడిపిన బండితో నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ‘మాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అంటే చాలదు, దాన్ని మీరే నిరూపించుకోవాలి. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాకపోవడం. చదువైపోయి ఉద్యోగంలో చేరినా బండి ముట్టుకోకూడదు.

అపోహ: మావాడికి బండి బాగా వచ్చు.

వాస్తవం: బ్యాలెన్సు, బ్రేకు కొద్ది రోజుల్లో వచ్చేస్తాయి. ఎదుటివాళ్లు ఏం చేయబోతున్నారో పసిగట్టడం మాత్రం ఏళ్ల మీద వస్తుంది. ఆగిన ఆటోలోంచి ఎవరో రోడ్డు వైపే దిగుతారు, సిటీ బస్సు ముందు నుంచి ఎవరో పరుగెత్తుకొస్తారు. పైగా మన ఊరి మధ్యలోంచే హైవే పోతుంది. గాజువాక నుంచి మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా మధురవాడ దాకా లారీలు, బస్సులు, బైకులు అన్నీ ఆ రోడ్డు మీదే. లారీకి బాగా దగ్గరగా ఎడమ పక్కన వెళ్తే డ్రైవరుకు మనం కనిపించం. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు.

బండి ఆగేలోపు ఎంత దూరం పోతుందో చూపడానికి గ్రౌండులో సున్నంతో గీతలు గీయిస్తాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, 60లో దాదాపు 17. ప్రమాదం చూసి బ్రేకు నొక్కేసరికే ఆ సెకను అయిపోతుంది. ఆ తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం 40తో పోలిస్తే 60లో రెండుంపావు రెట్లు. ఫిజిక్సు పుస్తకంలో ఉన్నదే, కానీ గీతల మధ్య నడిచి చూసినప్పుడే పిల్లలు ప్రశ్నలు మొదలుపెడతారు.

అపోహ: యాక్సిడెంట్ ఫొటోలు చూపిస్తే భయపడి మారతారు.

వాస్తవం: ఆ భయం స్కూలు గేటు దాటేదాకే. ఆదివారం ఫ్రెండ్ వచ్చి ‘రుషికొండ పోదాం, ముగ్గురం సరిపోతాంలే’ అంటే ఆ ఫొటో గుర్తురాదు. ‘ఎక్కకపోతే పిరికోడంటారు సార్’ అని పిల్లలే చెబుతారు. అందుకే ఇద్దరిద్దరిని నిలబెట్టి ఆ సంభాషణే ఆడిస్తాను. ‘మీరు పదండ్రా, నేను బస్సులో వస్తా’ లాంటి మాట నోటికి అలవాటైతే అవసరానికి వస్తుంది. తల్లిదండ్రులను ఒకటే అడుగుతాను: ఎంత రాత్రయినా ఫోన్ చేస్తే తిట్టకుండా వచ్చి తీసుకెళ్తామని మాటివ్వండి. మాట్లాడాల్సింది మర్నాడు మాట్లాడుకోవచ్చు.

అపోహ: వెనక కూర్చునేవాళ్లకు హెల్మెట్ అక్కర్లేదు.

వాస్తవం: నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఉండాల్సిందే. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే కిందపడగానే అది ఊడిపోవచ్చు.

అపోహ: స్కూల్లో బండ్లు పెట్టనివ్వకపోతే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: పక్క సందులో పెట్టి నడిచి వస్తారు. ఏ పిల్లలు ఎలా వస్తున్నారో క్లాస్ టీచర్ దగ్గర రాసి ఉండాలి, దాని మీద తల్లిదండ్రుల సంతకం ఉండాలి. బండి మీద వస్తున్నారని తేలితే ముందు ఇంటికి ఫోన్ చేయాలి. బస్సు లేకో, ట్యూషన్ టైము కుదరకో బండి ఇచ్చామంటారు చాలామంది. అప్పుడు బస్ పాస్ ఇప్పించడమో, అదే దారిలో వచ్చే పిల్లలకు కలిపి ఆటో మాట్లాడటమో స్కూలే దగ్గరుండి చూడాలి.