ఆపే స్విచ్చు పాడైతే: డిప్రెషన్‌ని వదిలేస్తే మెదడులో జరిగేది

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తెలుగు పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్ళ వదినగారికి నాలుగు నెలలుగా ఒంట్లో బాగుండటం లేదట. జ్వరం లేదు, షుగర్ లేదు, థైరాయిడ్ పరీక్షలో ఏమీ తేలలేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి గడప మీద కూర్చుంటుంది. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు. చిన్నవాడు వచ్చి ఒళ్ళో కూర్చున్నా వాడి మీద చెయ్యి వెయ్యదు. గాలి సోకిందని గుణియా (భూతవైద్యుడు) చేత తాయెత్తు కట్టించారు. ఆరెంపీ రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. విశాఖ తీసుకెళ్ళి మానసిక వైద్యుడికి చూపిద్దామని ఈయన అంటే, 'అదే తగ్గిపోతుందిలే, పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళిందని తెలిస్తే రేపు పిల్లకి సంబంధాలు రావు' అన్నారట పెద్దవాళ్ళు. నిజంగానే అదే తగ్గిపోతుందా అని ఆయన ప్రశ్న.

కొందరికి తగ్గుతుంది. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, కానీ తగ్గేవాళ్ళు ఉన్నారు. అలా తగ్గిన బంధువు ఒకరు ప్రతి ఇంట్లోనూ గుర్తుంటారు కాబట్టే ఆ మాటకి ఊళ్ళో అంత బలం. అయితే తగ్గేదాకా గడిచే ఆ నెలల్లో మెదడులో ఏం జరుగుతోందో ఎవరూ అడగరు. నాకు ఎన్నేళ్ళుగానో ఆసక్తి ఉన్నది ఆ విషయం మీదే.

లక్షణాల చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి క్లుప్తంగా చెప్పేస్తాను. దిగులు, లేదా ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఈ రెండింటిలో ఒకటి తప్పకుండా ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తాను ఎందుకూ పనికిరాననిపించడం, చావు గురించిన ఆలోచనలు, ఇలాంటివాటితో కలిపి మొత్తం ఐదు, రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉంటే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. మన ఆడవాళ్ళు చాలామంది 'దిగులుగా ఉంది' అని చెప్పరు. ఒళ్ళు నొప్పులు, తల భారం, గుండె దడ అంటారు. మగవాళ్ళు ఏమీ చెప్పరు, తాగుడు పెరుగుతుంది, కోపం పెరుగుతుంది. అందుకే ఇద్దరి జబ్బూ కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మెదడు అడుగున హైపోథాలమస్ అని బాదంగింజంత భాగం ఉంది. భయం, నష్టం, అవమానం, ఏది ఎదురైనా అది సీఆర్‌హెచ్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరుతుంది. పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ని రక్తంలోకి పంపుతుంది. అది కిడ్నీల పైన ఉన్న అడ్రినల్ గ్రంథులకు చేరితే, వాటి నుంచి కార్టిసాల్ బయటికొస్తుంది. కార్టిసాల్ చెడ్డది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద విరుచుకుపడినప్పుడు, ముసలివాళ్ళని చేతుల మీద మోసుకుంటూ పక్కా ఇళ్ళకి పరుగెత్తినవాళ్ళ రక్తంలో చక్కెర నిలిపింది, బీపీ నిలిపింది అదే. ప్రమాదం దాటాక అది తగ్గిపోవాలి. తగ్గడం ఎలాగన్నదే ఇందులో గొప్ప విషయం.

ఇంటి మీద నీళ్ళ ట్యాంకుకి ఆటోమేటిక్ స్విచ్చు పెడతారు చూడండి. నీళ్ళు నిండి ఫ్లోట్ పైకి తేలగానే మోటారు తనంతట తానే ఆగిపోతుంది. అంటే, మోటారు ఎక్కించిన నీళ్ళే మోటారుని ఆపుతాయి. కార్టిసాల్ కూడా అంతే. అది రక్తంలో పెరిగి మెదడుకి చేరి, అక్కడి రిసెప్టర్లకి, అంటే హార్మోన్‌ని పట్టుకునే అణువులకి, అతుక్కుంటుంది. అవి హైపోథాలమస్‌కి, పిట్యూటరీకి 'ఇక చాలు' అన్న సందేశం ఇస్తాయి. ఈ రిసెప్టర్లు దండిగా ఉన్న చోటు హిప్పోక్యాంపస్, మన జ్ఞాపకాలకి ఆధారమైన భాగం.

ఈ ట్యాంకులో ఫ్లోట్లు రెండు. 1985లో రూల్, డి క్లోయెట్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడులో కార్టిసాల్ కోవకి చెందిన హార్మోన్లని పట్టే రిసెప్టర్లు రెండు రకాలున్నాయని చూపించారు. మొదటిది ఆ హార్మోన్‌ని రెండోదానికంటే పది రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అంటే అది అడుగున ఉన్న ఫ్లోట్. కొద్దిపాటి నీళ్ళున్నా తడుస్తూనే ఉంటుంది, రోజువారీ హెచ్చుతగ్గులు చూసుకుంటుంది. రెండోది పైన, అంచు దగ్గర ఉంటుంది. పొద్దున్న లేచిన వేళ కార్టిసాల్ ఎక్కువగా ఉన్నప్పుడు, లేదా గట్టి టెన్షన్ వచ్చినప్పుడు మాత్రమే దానిదాకా నీళ్ళు వస్తాయి. మోటారుని గట్టిగా ఆపేది ఆ పైదే. ఇప్పుడు వారాలూ నెలలూ ట్యాంకు అంచుదాకా నిండే ఉందనుకోండి. ఎప్పుడూ నీళ్ళలో నానుతున్న ఆ పై స్విచ్చే తుప్పు పడుతుంది. అంటే, రోజుల తరబడి కార్టిసాల్ ఎక్కువగా ఉంటే ఈ రెండో రకం రిసెప్టర్ల చురుకుదనం తగ్గుతుంది, సంఖ్య కూడా తగ్గవచ్చు. ఇక 'చాలు' అనే సందేశం బలహీనపడుతుంది. మోటారు ఆగదు. నీళ్ళు ఇంకా నిండుతాయి. స్విచ్చు ఇంకా తుప్పు పడుతుంది. ఆపాల్సిన వస్తువుని పాడుచేస్తున్నది అది ఆపాల్సిన నీళ్ళే. వదిలేస్తే ఈ చక్రం ఎందుకు బిగుసుకుంటుందో ఇక్కడ అర్థమవుతుంది.

పదో తరగతి పిల్లలకి నేను ఏళ్ళ తరబడి గ్రంథుల పాఠం చెప్పాను. గ్రంథి పేరు, హార్మోన్ పేరు, అది చేసే పని, మూడు గడుల పట్టిక వేయిస్తాం, బట్టీ పట్టిస్తాం. హార్మోన్ ఎలా ఆగుతుందన్న నాలుగో గడి ఆ పట్టికలో ఉండదు. కానీ జబ్బులు సగం ఆ నాలుగో గడిలోనే ఉన్నాయి. మన బడుల్లో మార్చాల్సింది ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

స్విచ్చు పాడైందో లేదో చూడటానికి ఒక పరీక్ష కూడా ఉంది. డెక్సామెథసోన్ అనేది కార్టిసాల్ లాంటి మందు. రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము ఇస్తే, మెదడు 'నిండిపోయింది' అనుకుని మర్నాడు సొంత కార్టిసాల్ తయారీ తగ్గించాలి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళలో చాలామందికి అది తగ్గదని బెర్నార్డ్ కారల్ బృందం 1981లో వివరంగా రాసింది. కానీ డిప్రెషన్ ఉన్న అందరిలోనూ ఇలా జరగదు, వేరే జబ్బుల్లోనూ ఇలా జరుగుతుంది. అందుకే దీనితో రోగ నిర్ధారణ చెయ్యరు. డిప్రెషన్‌కి కార్టిసాల్ ఒక్కటే కారణం అని నేననడం లేదు. వంశంలో ఉండటం, చిన్ననాటి కష్టాలు, అప్పులు, కాన్పు, ఇలా చాలా దారులున్నాయి. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తక్కువైతే డిప్రెషన్ వస్తుందన్న పాత లెక్క ఇప్పుడు అంత సూటిగా నిలబడటం లేదు.

పొంగిన నీళ్ళు స్విచ్చునే కాదు, గోడనీ తడుపుతాయి. కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఎలుకల హిప్పోక్యాంపస్‌లో న్యూరాన్ల (నాడీకణాల) కొమ్మలు కుదించుకుపోతాయని బ్రూస్ మెక్‌ఎవెన్ బృందం 1990లో చూపించింది. మనుషుల్లో? అమెరికాలో ఇవెట్ షెలైన్ బృందం 2003లో 38 మంది ఆడవాళ్ళని పరిశీలించింది. వీళ్ళంతా డిప్రెషన్ మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళు. జీవితంలో ఎన్ని రోజులు డిప్రెషన్‌తో మందు లేకుండా గడిపారు, ఎన్ని రోజులు మందు వాడుతూ గడిపారు అని విడివిడిగా లెక్క కట్టారు. మందు లేని రోజులు ఎక్కువైనకొద్దీ హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉంది. మందు వాడిన రోజులకి అలాంటి సంబంధం కనిపించలేదు. చిన్న అధ్యయనమే, కానీ దాని ప్రశ్న ఎంత సరైనదో చూడండి. తర్వాత చాలా దేశాల స్కానులు కలిపి, 1,700 పైచిలుకు రోగులతో చేసిన ఎనిగ్మా అధ్యయనంలో సగటు తగ్గుదల ఒక శాతం పైన తేలింది. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళలో ఆ తేడా కనిపించలేదు. పదే పదే వచ్చినవాళ్ళలో కనిపించింది.

భయపడాల్సిన పని లేదు. ఆ ఎలుకల న్యూరాన్లు చావలేదు, కొమ్మలు ముడుచుకున్నాయి, అంతే. ఒత్తిడి పెట్టిన ఎలుకల్లో, ఆ ఒత్తిడి తీసేశాక కొమ్మలు తిరిగి చిగురించాయి. కుషింగ్ జబ్బులో గడ్డ వల్ల కార్టిసాల్ విపరీతంగా పెరుగుతుంది, చాలామందికి డిప్రెషన్ కూడా వస్తుంది. ఆపరేషన్ చేసి కార్టిసాల్‌ని అదుపులోకి తెచ్చాక వాళ్ళ హిప్పోక్యాంపస్ మళ్ళీ పెరిగిందని మోనికా స్టార్క్‌మన్ బృందం 1999లో చూపించింది.

వదిలేయడం వల్ల ఇంకో నష్టం ఉంది. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి మళ్ళీ వస్తుంది. రెండుసార్లు వచ్చినవాళ్ళలో డెబ్భై శాతం మందికి మూడోసారి వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు చాలామందిలో దాని వెనక ఇంట్లో చావో, తుఫానో, పంట పోవడమో లాంటి పెద్ద దెబ్బ ఉంటుంది. తర్వాత్తర్వాత చిన్న మాటకే వచ్చేయొచ్చు, ఒక్కోసారి ఏ కారణం లేకుండానే వస్తుంది. 'ఏం తక్కువైందని ఏడుస్తోంది?' అని అత్తవారింట్లో అడిగే ప్రశ్నకి జవాబు ఇదే. తక్కువైంది ఇవాళ కాదు.

ఒంటికి జరిగే నష్టం కూడా ఇందులో భాగమే. గుండెపోటు వచ్చినవాళ్ళలో డిప్రెషన్ కూడా ఉన్నవాళ్ళు ఆరు నెలల్లో చనిపోయే అవకాశం ఎక్కువని 1993లో కెనడాలో తేలింది. షుగర్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. తల్లికి కాన్పు తర్వాత డిప్రెషన్ ఉంటే బిడ్డ బరువు సరిగ్గా పెరగదని గోవాలోనూ రావల్పిండిలోనూ చేసిన పరిశోధనలు చెప్పాయి. బిడ్డకి దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తీసే ముందు తల్లి నిద్రపోతోందా, తింటోందా అని ఒక్కసారి అడగండి.

తాయెత్తు కట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు ఆ మనిషి బాగుండాలనే కట్టారు. తాయెత్తు ఉండగానే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు, ఆయన విప్పమనడు. నాకు కోపం చిల్లంగి పెట్టారని పక్కింటి ముసలమ్మ మీద నింద వేసేవాళ్ళ మీద. దానివల్ల ఇద్దరి బతుకులు పోతాయి. సెలైన్‌కి డిప్రెషన్ తగ్గదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్ర డిప్రెషన్‌కి మందు కాదు, అలవాటు పడేది అదే. డిప్రెషన్ మందులకి అలాంటి వ్యసనం రాదు. కాకపోతే పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఆరు. వారం వాడి 'లాభం లేదు' అని మానేసేవాళ్ళు, నెలకి బాగుందని మానేసేవాళ్ళు, ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. పూర్తిగా తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కుర్రవాళ్ళని మొదటి వారాల్లో దగ్గరుండి గమనించాలి. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన హుషారు వచ్చి ఉంటే, అది ముందే డాక్టరుకి చెప్పాలి.

'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళ భయం. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. చాలామందికి అడిగితే ఊరటగా ఉంటుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు ఉంటే తీసేయండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మాకిది చిన్న విషయం కాదు. సంతలో బేరమాడేంత ఒడియా ఇక్కడ అందరికీ వచ్చు, కానీ బిడ్డని ముట్టుకోబుద్ధి కావడం లేదని చెప్పాల్సి వస్తే ఆ ఒడియా చాలదు. అందుకే పర్లాకిమిడివాళ్ళు శ్రీకాకుళం, రాయగడవాళ్ళు విశాఖ రైలెక్కుతారు. బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ మెడికల్ కాలేజీలకి వెళ్ళేవాళ్ళు తెలుగూ ఒడియా రెండూ బాగా వచ్చినవాళ్ళని తోడు తీసుకెళ్ళడం మంచిది.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళ కోసం ఒక మంచి వార్త. గోవాలో విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంతో ఏ సంబంధమూ లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చే డిప్రెషన్ రోగులతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. మాట్లాడటమంటే ఓదార్పు కాదు. మనసు బాగైతే పని చేద్దామని ఆగకుండా, చిన్న పని ఒకటి ముందు చెయ్యడం: తల దువ్వుకోవడం, బావి దాకా నడవడం, చెల్లెలికి ఫోన్ చెయ్యడం. మళ్ళీ కలిసినప్పుడు ఏది చేశారో, అప్పుడు ఎలా ఉందో కలిసి చూసుకోవడం. మూడు నెలలకి ఇలా చేసినవాళ్ళలో 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు వైద్యమే అందినవాళ్ళలో 39 శాతం. మా సరిహద్దు ఊళ్ళలో తెలుగూ ఒడియా రెండూ మాట్లాడే ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరు జడ వేసుకోవడం మానేశారో వాళ్ళకి ముందే తెలుసు. వాళ్ళకి ఈ శిక్షణ ఇవ్వాలని గ్రామసభలో అడగండి, జిల్లా ఆరోగ్య అధికారికి అర్జీ పెట్టండి.