రాయి ఒప్పుకున్న మొక్కలు

సర్కారు తుమ్మను పైపైన నరికితే ఏమవుతుందో మన రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు చినుకులు పడగానే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. ఒక్క మాను ఉన్నచోట ముళ్ళ పొద తయారవుతుంది. కాయలు తియ్యగా ఉంటాయి కాబట్టి మేకలూ పశువులూ ఇష్టంగా తింటాయి, గింజ మాత్రం అరగకుండా పేడతో బయటపడి ఇంకోచోట మొలుస్తుంది. ఆకును మాత్రం అవి దాదాపు ముట్టవు. మధ్య, దక్షిణ అమెరికాకు చెందిన ఈ చెట్టును మన దేశంలో ప్రభుత్వం పనిగట్టుకుని పెంచిన తొలి చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. వంటచెరకు కోసం 1877లో అక్కడ నాటారు. ఇవాళ చెరువు శిఖాల్లో, పోరంబోకుల్లో, రైలు కట్టల పక్కన అది లేని మండలం అరుదు.

దాన్ని తీసేసి, ఆ నేలకు సొంతమైన మొక్కల్ని తిరిగి తేవడం సాధ్యమేనా? సాధ్యమే అనడానికి నాకు తెలిసిన బలమైన రుజువు రాజస్థాన్‌లో ఉంది. జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోట పక్కనే సుమారు 70 హెక్టార్ల రాతి నేల చాలాకాలం ఈ తుమ్మ కిందే ఉండిపోయింది. 1930లలో అక్కడి మహారాజు విమానంలోంచి విత్తనాలు చల్లించారని ఊళ్ళో చెప్పుకుంటారు. 2006లో కోట ట్రస్టు ఆ నేలను బాగుచేసే పని ప్రదీప్ క్రిషన్‌కు అప్పగించింది. ఆయన అంతకుముందు సినిమాలు తీశారు, తర్వాత చెట్ల అధ్యయనంలోకి వచ్చారు. ఆ చోటు 2011లో రావ్ జోధా డెజర్ట్ రాక్ పార్కుగా సందర్శకులకు తెరుచుకుంది.

ఆ నేల సంగతి ముందు తెలియాలి. కోట నిలబడింది రయొలైట్ అనే అగ్నిశిల మీద. దాదాపు 75 కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాలు కక్కినదది. దాని మీద మట్టి చాలాచోట్ల పలచటి పొర మాత్రమే. ఏడాదికి పడే వాన సగటున 36 సెంటీమీటర్లకు అటూ ఇటూ, అదీ కొన్ని వారాల్లోనే. ఇలాంటి చోట తుమ్మ బతుకుతోందంటే దాని వేళ్ళు బండల పగుళ్ళలోకి దిగి గట్టిగా పట్టుకున్నాయనే అర్థం. నేలమట్టానికి ఒక అడుగు, అడుగున్నర కింద వరకూ వేరు మొదలులో మళ్ళీ చిగురించే మొగ్గలుంటాయి. ఆ భాగాన్ని తీసేస్తేనే చెట్టు చస్తుంది. మట్టిలో అయితే పారతో అయ్యే పని. బండలో ఎలా?

జవాబు పుస్తకాల్లో దొరకలేదు, జోధ్‌పూర్ చుట్టుపక్కల గనుల్లో దొరికింది. తరతరాలుగా ఇసుకరాయి తవ్వే ఖండ్‌వాలియాలు అనే పనివాళ్ళున్నారు. వాళ్ళు సుత్తితో బండను తట్టి, ఆ చప్పుడును బట్టి లోపల రాయి ఎలా పరుచుకుందో, ఎటు కొడితే విడిపోతుందో చెప్పగలరు. సుత్తీ ఉలీ పట్టుకుని ఒక్కో తుమ్మ చుట్టూ గుంట తొలిచి, వేరు మొదలును పెకలించింది వాళ్ళే. చెట్టు పోయాక మిగిలిన ఆ గుంటే కొత్త మొక్కకు ఇల్లయింది. తుమ్మ వేరు అక్కడ దిగిందంటే కింద పగులు ఉన్నట్టే, పగులు ఉంటే తడి నిలుస్తుంది. శత్రువు వెతికిపెట్టిన చోటులోనే స్థానిక మొక్కను నాటడం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన.

ఏ మొక్క నాటాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఎడారి మొక్క ఏదైనా సరిపోతుందనుకుంటే పొరపాటే. ఇసుక ఎడారి వేరు, రాతి ఎడారి వేరు. ఉదాహరణకు మన జమ్మినే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ కూడా అదే. వృక్షశాస్త్రంలో ఇది సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే అయినా, దాని నీడలో పంట పండుతుంది, దాని ఆకు పశువులకు మేత. అంత మంచి చెట్టుకు కూడా వేరు లోతుగా దిగే నేల కావాలి, బండ మీద సుఖం ఉండదు. అందుకే క్రిషన్ బృందం జోధ్‌పూర్ ప్రాంతమైన మార్వాడ్‌లోని రాతి గుట్టలు తిరిగి, అక్కడ సహజంగా ఏవి పెరుగుతున్నాయో చూసింది. విత్తనాలు ఏరుకొచ్చి సొంతంగా నర్సరీ పెట్టుకుంది. ఈ మొక్కలు బజారు నర్సరీల్లో దొరికేవి కావు మరి.

అలా వచ్చినవాటిలో జెముడు జాతికి చెందిన థోర్ ముఖ్యమైనది. ఆకులు రాల్చేసి, పచ్చటి కాండంతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. జిగురునిచ్చే కుమట్ తుమ్మ ఉంది. గుగ్గిలం మొక్క ఉంది, మందు కోసం చెక్కి చెక్కి దాన్ని అడవుల్లో అంతరించే స్థితికి తెచ్చాం. మన ఊళ్ళలో గార అనే చెట్టుకు దగ్గరిదైన హింగోట్ ఉంది. వీటితోపాటు గడ్డిజాతులు. తోటలు వేసేవాళ్ళు గడ్డిని లెక్కలోకి తీసుకోరు గానీ, పలచటి మట్టిని వానకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. తుమ్మ నీడ తొలగిన నేలలో వాన పడగానే, ఎవరూ నాటని చిన్న మొక్కలు కూడా మొలిచి, కొద్ది వారాల్లో పూసి, గింజ రాల్చి పోతాయి.

స్థానిక మొక్కల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆకును తినే పురుగు కోసం. సీతాకోకచిలుకల గొంగళిపురుగులు చాలావరకు ఏ ఆకు పడితే ఆ ఆకు తినవు. జిల్లేడు మీద పెరిగేది జిల్లేడు జాతి మీదే గుడ్లు పెడుతుంది. పయొనీర్ అనే తెల్ల సీతాకోకచిలుకకు ఎడారి పొద కేర్, దాని జాతికే చెందిన ఇతర కాపరిస్ మొక్కలు కావాలి. ఆకులోని విషాలను తట్టుకునే శక్తి వాటికి లక్షల ఏళ్ళ సహవాసంలో వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన చెట్టు ఆకును అవి చాలావరకు తినలేవు, ఆ పురుగుల మీద పిల్లల్ని సాకే పిట్టలకూ తిండి దొరకదు. పచ్చగా ఉందని మనం మురిసిపోయే చోటు వాటికి ఖాళీ వంటిల్లు లాంటిది.

అందుకే ఏటా ఎన్ని లక్షల మొక్కలు నాటామన్న లెక్క నాకు సంతోషం కలిగించదు. నగరాల్లో డివైడర్ల మీద త్వరగా గుబురుగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును వరసగా నాటాం, తర్వాత వద్దనుకున్నాం. ఆ తొందరలో ఎవరూ నేలను చూడలేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటిని బంజరు అని రాసుకోవడం వల్లే పేల్చి చదును చేయడానికి మనసొప్పుతోంది. నిజానికి ఆ బండల సందుల్లో అంకుడు, రేల, చండ్ర, బలుసు, కలివి, తంగేడు ఎవరూ నీళ్ళు పోయకుండానే బతుకుతున్నాయి. ఏది పగుల్లో నిలుస్తుందో, ఏది గుట్ట అడుగున మట్టి చేరినచోట పెరుగుతుందో ఆ గుట్టల్లో తిరిగే గొర్రెల కాపరులకు తెలుసు.

సర్కారు తుమ్మను రాత్రికి రాత్రే తీసేయాలని మాత్రం నేను అనను. బొగ్గు కాల్చి, కట్టెలమ్మి దాని మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకేసారి బుల్‌డోజర్ పెట్టి నేలంతా బోసి చేస్తే, మట్టిలో దాగున్న గింజలతో మొదట మొలిచేది మళ్ళీ అదే. ముక్కలు ముక్కలుగా, వేరుతో సహా తీసి, ఖాళీ అయినచోటే గడ్డీ పొదలూ వేసుకుంటూ పోవాలి. తీసిన కట్టె ఆ ఊరివాళ్ళకే దక్కాలి. పెకలించే కూలీ ఉపాధి పనుల్లో దొరికితే ఇంకా మంచిది. దీనికి ముందు కావలసింది నర్సరీలు. బలుసు, కలివి, చండ్ర విత్తనాలు ఏ నెలలో ఏరాలో, ఏది నానబెడితే మొలుస్తుందో, ఏది గీరితే మొలుస్తుందో తెలిసిన మనిషి మండలానికి ఒకరున్నా, వచ్చే వానాకాలానికి పని మొదలుపెట్టొచ్చు.