పరుగులో ఆ మొదటి నాలుగు నిమిషాలు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఆవిడ బ్యాంకు ఉద్యోగి. "పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరుగు మొదలుపెట్టాను. పరిగెత్తి వచ్చిన రోజంతా హాయిగానే ఉంటుంది. కానీ మర్నాడు అలారం మోగగానే మళ్ళీ అదే బద్ధకం. నిన్న అంత బాగుంది కదా, ఇవాళ మనసెందుకు రాదు? నాకు విల్‌పవర్ లేదంటారా?"

ప్రశ్న చాలా బాగుంది. పరుగు వల్ల గుండెకీ షుగరుకీ నిద్రకీ కలిగే మేలు అందరూ చెబుతూనే ఉంటారు, నేను ఆ జోలికి పోను. నిన్నటి హాయి ఇవాళ పొద్దున ఎందుకు గుర్తుకు రాదన్నదే అసలు విషయం. దీనికి విల్‌పవర్‌తో పని లేని జవాబు ఒకటుంది. అది కండరం లోపల ఉంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ రూబీ, ఎలిజబెత్ డన్, వారి సహచరులు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. వ్యాయామానికి ముందు "ఇది మీకు ఎంత బాగుంటుందనుకుంటున్నారు?" అని అడిగారు. అయ్యాక "ఎంత బాగుంది?" అని అడిగారు. యోగా అయినా, బరువులెత్తడమైనా, ఏరోబిక్స్ అయినా ముందటి అంచనా తక్కువగానే ఉంది, తర్వాతి అనుభవం అంతకంటే బాగుంది. కారణం ఏమిటంటే, రాబోయే వ్యాయామాన్ని తలుచుకున్నప్పుడు మనసు దాని మొదటి భాగానికే ఎక్కువ బరువు ఇస్తుంది. ఆ మొదటి భాగం సాధారణంగా కష్టంగా ఉంటుంది. ముప్పై నిమిషాల పరుగుకి మనం కట్టే వెల మొదటి నాలుగు నిమిషాలను చూసి కట్టిందే. ఐదింటికి అలారం మోగగానే మనసులో మెదిలేది ఆ నాలుగు నిమిషాల ఆయాసమే, చివరి పది నిమిషాల తేలికదనం కాదు.

మరి మొదట్లోనే ఎందుకంత కష్టం? నాకు ఎంతో ఇష్టమైన శరీరధర్మ శాస్త్రం ఇక్కడే మొదలవుతుంది.

కట్టెల పొయ్యి వెలిగించినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. పొయ్యిలో మొద్దు పెట్టి అగ్గిపుల్ల గీస్తే మొద్దు అంటుకోదు. ముందు చితుకులు పెట్టాలి. చితుకులు భగ్గుమంటాయి గానీ నిలవవు. అవి మండుతుంటే మొద్దు వేడెక్కి, పొగ చిమ్మి, మెల్లగా అంటుకుంటుంది. అంటుకున్నాక ఇక నిలకడగా మండుతూనే ఉంటుంది. కండరంలో మొద్దు పని చేసేవి మైటోకాండ్రియాలు. ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించి గంటల తరబడి శక్తినివ్వగలవు. చితుకుల పని చేసేది ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం. కండరం నేరుగా వాడుకునే శక్తి పదార్థం ఏటీపీ. అది సిద్ధంగా ఉన్నది కొద్ది సెకన్లకే సరిపోతుంది. అది తగ్గకుండా వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటినే. పూర్తి బలంతో పరిగెడితే అదీ పది సెకన్లకి మించి పెద్దగా ఆదుకోలేదు.

ఇందులో ఇంకా అందమైన సంగతి ఉంది. అడుగు వేసిన కొన్ని సెకన్లలోనే గుండె, ఊపిరి వేగం అందుకుంటాయి. ఆలస్యం ఎక్కువగా కండరంలోనే జరుగుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ కరిగిపోతున్నప్పుడు పుట్టే క్రియాటిన్, ఏటీపీ ఖర్చయినప్పుడు మిగిలే ఏడీపీ, ఈ రెండే మైటోకాండ్రియాకి "ఇక పని పెంచు" అన్న కబురు. అంటే చితుకులు కాలితేనే మొద్దుకి వేడి తగిలేది. ఈ ఆలస్యం మన శరీరంలో లోపం కాదు, ఆ యంత్రం పనిచేసే పద్ధతే అది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి ఊరికే కూర్చుంటే నిమిషానికి సుమారు 0.2 లీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా పరిగెడితే సుమారు 1.8 లీటర్లు కావాలి. తేడా 1.6 లీటర్లు. ఈ పెరుగుదల ఒక్కసారిగా రాదు, వంపు గీతలా వస్తుంది. దాని కాలస్థిరాంకం, అంటే ఆ పెరుగుదల ఎంత త్వరగా వస్తుందో చెప్పే కొలత, ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో సుమారు 30 సెకన్లు. అంటే అర నిమిషానికి ఆ పెరుగుదలలో 63 శాతం, నిమిషానికి 86 శాతం, నిమిషంన్నరకి 95 శాతం అందుతుంది. ఎప్పుడూ కూర్చునే పని చేసేవాళ్ళకీ వయసు పైబడినవాళ్ళకీ ఆ స్థిరాంకం ఒక నిమిషం దాకా ఉండొచ్చు. అప్పుడు 98 శాతానికి చేరడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఈలోపు పడే లోటు ఎంత? తేడాని కాలస్థిరాంకంతో గుణిస్తే చాలు. 30 సెకన్లవాళ్ళకి 0.8 లీటర్లు, నిమిషంవాళ్ళకి 1.6 లీటర్లు. ఒకే వేగం, ఒకే గ్రౌండ్, ఒకే బరువు. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు రెట్టింపు లోటుతో బయల్దేరుతారు.

ఈ లోటులో చితుకులు తీర్చలేని భాగాన్ని ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ని విరిచి తీర్చుకోవాలి. అప్పుడు లాక్టేట్‌తో పాటు హైడ్రోజన్ అయాన్లు పోగవుతాయి. రక్తంలోని బైకార్బొనేట్ వాటిని పట్టుకున్నప్పుడు అదనంగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, దాన్ని బయటికి పంపడానికి ఊపిరి ఇంకా వేగం అందుకుంటుంది. పొయ్యి అంటుకునే ముందు వచ్చే పొగ ఇదే. లాక్టేట్ విషమేమీ కాదు, తర్వాత గుండె, మిగతా కండరాలు దాన్నే ఇంధనంగా వాడుకుంటాయి.

ఈ లోటును ముందుగా కొలిచినవారిలో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఆగస్ట్ క్రోగ్, యోహానెస్ లిండ్‌హార్డ్ ఉన్నారు. శ్రమ మొదలైన తొలి క్షణాల్లో ఊపిరి, రక్తప్రసరణ ఎలా మారతాయో 1913లోనే రాశారు. తర్వాత క్రోగ్‌కి 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. 1922 బహుమతి పంచుకున్న ఎ.వి. హిల్ స్వయంగా పరుగు తీసేవాడు. వందేళ్ళ నాటి ఈ సంగతి మన పిల్లలకి ఇలా అందకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంటర్ బైపీసీ విద్యార్థులు గ్లూకోజ్‌ని విరిచే గ్లైకాలసిస్ మెట్లన్నీ తడుముకోకుండా అప్పజెబుతారు. బస్సు కోసం పరిగెత్తినప్పుడు ఆయాసం బస్సెక్కి కూర్చున్నాక కూడా ఎందుకుంటుందని అడిగితే చాలామంది తెల్లబోతారు. ఆ పాఠాన్ని గ్రౌండ్‌లో ఒక రౌండ్ పరిగెత్తించి చెప్పాలి.

తిరుపతివాళ్ళకి ఈ పాఠం అలిపిరిలోనే దొరుకుతుంది. 3550 మెట్ల దారిలో పాదాల మండపం నుంచి ఉత్సాహంగా పరుగున ఎక్కేవాళ్ళు కాసేపటికే రొప్పుతూ కూలబడతారు. మొదట్లోనే తలయేరు గుండు వస్తుంది. ఆ బండకి తల, మోకాళ్ళు ఆనిస్తే దారిలో నొప్పులు రావని నమ్మకం. బండకి ఆ శక్తి ఉందని నేననుకోను. కానీ ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే అందరూ ఆగి ఊపిరి తీసుకునే చోటు ఒకటి ఉండడం శరీరానికి నిజంగా మంచిదే. ఆ నమ్మకాన్ని వెక్కిరించేవాళ్ళు ఈ సంగతి కూడా చూడాలి.

ఇక వేగం సంగతి. పొయ్యి అంటుకోలేదని గొట్టం పెట్టి గట్టిగా ఊదితే చితుకులు తొందరగా కాలిపోతాయి, కళ్ళనిండా పొగ కమ్ముతుంది. కొత్తవాళ్ళు చేసేది సరిగ్గా ఇదే. ఒక హద్దు దాటిన వేగంలో ఆక్సిజన్ వాడకం రెండు మూడు నిమిషాల్లో కుదురుకోదు, మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది. అలాంటప్పుడు తేలికదనం రానే రాదు. వ్యాయామ మనస్తత్వ శాస్త్రవేత్త పాంటెలీమోన్ ఎక్కెకాకిస్ ఏళ్ళ తరబడి చూపించింది కూడా ఇదే: ఆ హద్దుకి లోపల ఎక్కువమందికి హాయిగా ఉంటుంది, దాటితే దాదాపు అందరికీ బాధే. హద్దు తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే లోపలున్నట్టు.

కాబట్టి ఆవిడకి నా సలహా ఇది. గేటు దాటగానే పరిగెత్తకండి. ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి. గంటకు 5 కిలోమీటర్ల నడకకే ఆక్సిజన్ వాడకం 0.7 లీటర్లకి చేరుతుంది. అక్కడి నుంచి పరుగులోకి మారితే ఎక్కాల్సిన మెట్టు 1.6 కాదు, 1.1 లీటర్లే. మొద్దు ముందే కాస్త వేడెక్కి ఉంటుంది. ఇంకా వెళ్ళాలా, వెనక్కి రావాలా అన్న నిర్ణయం పదో నిమిషం దాకా తీసుకోకండి. అప్పటికీ ఒళ్ళు సహకరించకపోతే ఏ బెంగా లేకుండా ఇంటికి రండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి మాత్రం వేరు. అవి డాక్టరుకి చెప్పాల్సినవి.

మనవాళ్ళకి ఇంకో టెన్షన్ ఉంటుంది. పరుగుని దీక్షలా పడతారు, ఒక్కరోజు తప్పితే దీక్ష చెడిందని మొత్తం వదిలేస్తారు. మాలధారణకి ఆ నియమం సరైనదే, అలవాటుకి కాదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని లెక్క తేలింది, మధ్యస్థం 66. మధ్యలో ఒకరోజు తప్పిపోవడం వల్ల చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. ఇరవై ఒక్క రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందని చెప్పేవాళ్ళని నమ్మి నిరాశ పడకండి.

క్రమంగా పరిగెత్తేవాళ్ళలో ఆ కాలస్థిరాంకమే తగ్గిపోతుంది. బాగా శిక్షణ పొందినవాళ్ళలో 20 సెకన్లకి దగ్గరగా వస్తుంది. మార్పు కొద్ది వారాల్లోనే మొదలవుతుంది. బరువు తగ్గడం కంటే, వేగం పెరగడం కంటే ముందు వచ్చే లాభం ఇది. కానీ త్రాసులోనూ వాచీలోనూ కనిపించదు కాబట్టి ఎవరూ గమనించరు.

తిరుపతి ఎండ గురించి ఒక మాట. మే నెలలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా వెళ్తుంది, అదే వేగానికి గుండె ఇంకా ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. జనవరిలో హద్దుకి లోపలున్న వేగం మేలో హద్దు దాటేస్తుంది. ఏళ్ళుగా పరిగెత్తేవాళ్ళకి కూడా ఆ నెలలో మనసు రాకపోవడం బద్ధకం కాదు. ఎండాకాలం వేగం లెక్క పక్కన పెట్టి, మాట తడబడకుండా వస్తోందా లేదా అన్నది చూసుకుంటే సరిపోతుంది. వానలు పడి చల్లబడ్డాక అదే శ్రమకి పాత వేగం తిరిగి వస్తుంది.