30 టీబీ డ్రైవ్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు ఎడిటింగ్ గదుల్లో పనిచేసే తెలుగువాళ్లందరిదీ ఇప్పుడు ఒకటే గోడు. స్థలం చాలదు. మూడు కెమెరాలతో 4కేలో తీస్తే ఒక్క పెళ్లికే టీబీ (టెరాబైట్, అంటే వెయ్యి జీబీ) దాటిపోతుంది. పెళ్లివారేమో రెండేళ్ల తర్వాత ఫోన్ చేసి "అన్నా, మా తలంబ్రాల ఫుటేజ్ ఇంకా ఉందా?" అంటారు. ఇక చెరిపేయడానికి చేయి ఎలా వస్తుంది? దాంతో అందరూ మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కి వెళ్లి, ఉన్నవాటిలో పెద్ద హార్డ్ డ్రైవ్ అడుగుతారు. అక్కడ ఒక కౌంటర్లో కూర్చునే నెల్లూరు కుర్రాడు ఎవరొచ్చినా ఒకే మాట చెబుతాడు: "పెద్దది తీసుకోండి సార్, టీబీకి రేటు తగ్గుద్ది. పోయిందంటే మాత్రం మొత్తం పోద్ది."

అమ్మేవాడు ఇంత నిజం చెప్పడం అరుదు. ఆ మాటలకే కాస్త అంకెలు తగిలిద్దాం.

ముందు డబ్బా లోపలి సంగతి. 3.5 అంగుళాల సైజు దశాబ్దాలుగా మారలేదు. డేటా రాసే గుండ్రటి పళ్లేలు ఒకప్పుడు నాలుగైదు ఉండే చోట ఇప్పుడు 10, 11 ఇరికిస్తున్నారు. అంత పల్చటి పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే లోపలి గాలికి అదురుతాయి. అందుకే గాలి బదులు హీలియం నింపి మూత గట్టిగా అతికేస్తారు. హీలియం సాంద్రత గాలిలో ఏడో వంతు. ఈ రకం డ్రైవ్ 2013లో 6 టీబీతో మొదలైంది. పళ్లెం అంచు గంటకు 130 కిలోమీటర్ల దాకా వేగంతో తిరుగుతుంటే, చదివే హెడ్డు దాని మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. తలవెంట్రుక మందం అయితే పదుల వేల నానోమీటర్లు.

ఇంతటితో ఆగలేదు. అయస్కాంత రేణువు మరీ చిన్నదైతే మామూలు వేడికే దాని దిశ తిరగబడి, రాసింది చెరిగిపోతుంది. అలా తిరగబడని మొండి పదార్థం, అంటే ఇనుము, ప్లాటినం కలిపింది వాడితే, దాని మీద రాయడం హెడ్డు వల్ల కాదు. దీనికి దొరికిన ఉపాయం హెడ్డు మీదే ఒక బుల్లి లేజర్. రాయాల్సిన చుక్కను 400 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేసి, అది లొంగిన క్షణంలో రాసేస్తారు. నానోసెకన్లలోనే అది చల్లారిపోతుంది. సీగేట్ 2024 జనవరిలో ప్రకటించిన 30 టీబీ డ్రైవ్‌లు ఇలాంటివే. పళ్లేనికి 3 టీబీ, మొత్తం పది పళ్లేలు.

ఇదంతా విన్నాక "ఇంత నాజూకు వస్తువు ఎన్నాళ్లు బతుకుతుంది?" అని టెన్షన్ పడటం సహజం. కంపెనీ ఇచ్చే కాగితంలో సగటున 25 లక్షల గంటలకు ఒక ఫెయిల్యూర్ అని ఉంటుంది. అంటే 285 ఏళ్లు! ఆ అంకె ఒక్క డ్రైవ్ ఆయుష్షు కాదు. 285 డ్రైవ్‌లు ఏడాదంతా నడిస్తే వాటిలో ఒకటి పోతుందని, అంటే ఏడాదికి 0.35 శాతం అని దాని అర్థం. వాడుకలో అంత బాగా ఉండదు. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ 2013 నుంచి తన డ్రైవ్‌ల చావుల చిట్టా బయటపెడుతోంది. అక్కడ సుమారు మూడు లక్షల డ్రైవ్‌లున్నాయి. వాటిలో 2023లో 1.70 శాతం, 2024లో 1.57 శాతం పోయాయి. కాగితం మీది అంకెకు నాలుగింతలు పైనే.

అయితే ఆ చిట్టాలో పెద్దవి ఎక్కువగా పోతున్నాయన్న దాఖలా లేదు. కొన్ని 16 టీబీ మోడళ్లు 1 శాతం లోపే ఉంటే, అంతకంటే చిన్నదైన ఒక 12 టీబీ మోడల్ దానికి ఎన్నో రెట్లు దెబ్బతింది. తేడా మోడల్‌లో ఉంది, సైజులో కాదు.

ఇప్పుడు కుర్రాడి మాటకి వద్దాం. 96 టీబీ దాచాలంటే 4 టీబీవి 24 కావాలి, 24 టీబీవి నాలుగు చాలు. ఏడాదికి 1.5 శాతం పోతాయనుకుంటే మొదటి పద్ధతిలో మూడేళ్లకోసారి ఒక డ్రైవ్ పోతుంది, రెండోదానిలో పదహారు పదిహేడేళ్లకోసారి. ఒక్కో డ్రైవ్‌కి 6 వాట్లు వేసుకున్నా నాలుగింటితో ఏడాదికి వెయ్యి యూనిట్ల కరెంటు మిగులుతుంది. ఏసీ ఖర్చు వేరే. ఇక్కడిదాకా లాభమంతా పెద్దవాటిదే.

చిక్కు ఒకటి పోయిన రోజున మొదలవుతుంది. పోయిన డ్రైవ్ స్థానంలో కొత్తది పెట్టి డేటా మళ్లీ నింపాలి. సెకనుకి 200 ఎంబీ చొప్పున 24 టీబీ నింపడానికి 33 గంటలు పడుతుంది, అదీ వేరే పనేమీ చేయకపోతే. అదే 4 టీబీదైతే ఐదారు గంటల్లో తెమిలిపోతుంది. సామర్థ్యం పెరిగినంతగా వేగం ఎందుకు పెరగలేదు? పళ్లెం మీద డేటా రాసే గీతల సంఖ్యా పెరిగింది, ఒక్కో గీతలో పట్టే బిట్లూ పెరిగాయి. సామర్థ్యానికి రెండూ కలిసొస్తాయి, వేగానికి రెండోది మాత్రమే. తిరిగే వేగమేమో అదే 7200 దగ్గర ఉండిపోయింది. ఈ 33 గంటల్లో ఇంకో డ్రైవ్ మొరాయిస్తే ఏంటన్నదే అసలు ప్రశ్న. అందుకే పెద్ద డ్రైవ్‌లతో కట్టే రెయిడ్‌లో (ఒకటి పోయినా మిగతావాటి నుంచి డేటా తిరిగి వచ్చేలా డ్రైవ్‌లను జతకట్టే పద్ధతి) ఒకటి కాదు, రెండు పోయినా తట్టుకునే ఏర్పాటు ఉండాలని నేను పట్టుబడతాను. ఆ అదనపు డ్రైవ్‌ల ధర కలిపాకే టీబీకి ఎంత పడిందో చూడాలి.

వాడుతున్న డ్రైవ్ ముందే హెచ్చరిస్తుందా? కొంతవరకే. గూగుల్ పరిశోధకులు 2007లో లక్షకు పైగా డ్రైవ్‌లను చూసి చెప్పిందేమంటే, పోయినవాటిలో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా) సంకేతాలు ఏవీ చూపకుండానే పోయాయి.

అదే అధ్యయనంలో మామూలు వేడికీ చావులకూ పెద్ద సంబంధం కనబడలేదు. మద్రాసు ఎండకి భయపడేవాళ్లకి ఇది ఊరట. కానీ 2016లో తొమ్మిది భారీ డేటా సెంటర్ల లెక్కలతో వచ్చిన మరో అధ్యయనం అసలు దోషిని చూపించింది. తేమ. గాలిలో తేమ ఎక్కువున్న చోట డ్రైవ్‌లు ఎక్కువగా పోయాయి, అందులోనూ కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపే సర్క్యూట్), కనెక్షన్లకు సంబంధించిన చావులు బాగా పెరిగాయి. హీలియం డబ్బా ఎంత గట్టిగా మూసినా సర్క్యూట్ బోర్డు దాని బయటే ఉంటుంది కదా. రాత్రి ఏసీ ఆపేసి, పొద్దున సముద్రపు గాలికి కిటికీ తెరిచే ఎడిటింగ్ గదులు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. నా మటుకు నేను థర్మామీటర్ కన్నా ముందు తేమ కొలిచే మీటర్ కొనమంటాను.

ధర చూసేటప్పుడు ఎస్ఎంఆర్ అన్న మూడక్షరాలు కూడా చూడాలి. ఇందులో గీతలు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. అందువల్ల ఎక్కువ పడుతుంది. కానీ కింది గీతను మార్చాలంటే పైవాటినీ మళ్లీ రాయాలి. ఒకసారి రాసి దాచుకునే పాత పెళ్లిళ్లకి పర్వాలేదు, రెయిడ్ పునర్నిర్మాణంలో మాత్రం ప్రాణం తీస్తుంది.

ఇక రేటు. ప్రపంచంలో హార్డ్ డ్రైవ్‌లు చేసేది సీగేట్, వెస్ట్రన్ డిజిటల్, తోషిబా మాత్రమే. 2011లో, డ్రైవ్ ఫ్యాక్టరీలున్న థాయ్‌లాండ్‌లో వరదలొస్తే ఇక్కడా ధరలు ఎగబాకాయి. అన్నిటికన్నా పెద్ద సైజు మీద క్లౌడ్ కంపెనీల కన్ను ఉంటుంది. వాళ్లకి ర్యాక్‌లో ప్రతి అరకీ అద్దె లెక్క ఉంటుంది కాబట్టి ఎక్కువ ఇచ్చయినా కొంటారు. మనలాంటివాళ్లకి సాధారణంగా దానికి ఒకటి రెండు మెట్లు కింది సైజులోనే టీబీకి తక్కువ పడుతుంది.

మరీ చవగ్గా వస్తే అనుమానించాలి. 2025 ఆరంభంలో, వాడేసిన సీగేట్ డ్రైవ్‌ల గంటల లెక్క సున్నా చేసి కొత్తవిగా అమ్మిన వ్యవహారం జర్మనీలో బయటపడింది. స్మార్ట్ లెక్కలు తుడిచేసినా, ఫార్మ్ అనే లోపలి చిట్టాలో అసలు గంటలు మిగిలిపోవడంతో దొరికిపోయారు. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రాం కొత్త వెర్షన్లు ఆ చిట్టాను ఉచితంగానే చదివి పెడతాయి.

డ్రైవ్ ఇంటికి తెచ్చాక వెంటనే ఫుటేజ్ ఎక్కించకండి. ఒకసారి మొత్తం నింపి, మొత్తం తిరిగి చదివించండి. 24 టీబీకి దాదాపు మూడు రోజులు పడుతుంది. కాబట్టి షాపువాడి వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు రాయించుకునేటప్పుడే అడగాలి.