కొత్త లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్: ఉంచాలా, తీసేయాలా అన్న ప్రశ్న ఎక్కడ పుట్టింది

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా అన్నయ్య కూతురు ఈ ఏడు ఇంజనీరింగులో చేరింది. ఎస్.పి. రోడ్డులో కొన్న లాప్‌టాప్‌ను ఇంటికి తెచ్చి మూత తెరవగానే భాష ఎంచుకోమని, వైఫై కలపమని, ఖాతా తెరవమని విండోస్ 11 ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. కాలేజీలో సీనియర్లేమో దాన్ని మొత్తం చెరిపేసి లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించుకోమన్నారట. "డబ్బు పోసి కొన్నదాన్ని మొదటి రోజే చెరపడమేమిట్రా, నువ్వైనా చెప్పు" అని అన్నయ్య నాకు ఫోను చేశాడు. "విండోస్‌కి మనం విడిగా డబ్బు ఎక్కడిచ్చాం బాబాయ్, బిల్లులో దాని పేరే లేదు" అని పక్కనుంచి అమ్మాయి అందుకుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ రెండు నిజాలూ ఒకే బిల్లులోకి ఎలా చేరాయో తెలుసుకుంటే తప్ప ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేమని నా నమ్మకం.

1981 ఆగస్టులో ఐబీఎం తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్, అంటే యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, విడిగా కొనుక్కోవలసిన సరుకు. మైక్రోసాఫ్ట్ సమకూర్చిన పీసీ డాస్ ధర 40 డాలర్లు. గ్యారీ కిల్డాల్ స్థాపించిన డిజిటల్ రీసెర్చ్ సంస్థ తయారుచేసిన సీపీ/ఎం-86 కొన్ని నెలలు ఆలస్యంగా, 240 డాలర్ల ధరతో వచ్చింది. అంటే కొనేవాడు ఏది కావాలో చెప్పి, దాని ధర చూసి, డబ్బిచ్చి తీసుకునే పరిస్థితి అప్పట్లో ఉండేది. ధరల్లో అంత తేడా ఉండటంతో జనం డాస్ వైపే మొగ్గారు. అయితే చరిత్రను మలుపు తిప్పినది ఆ ధర కన్నా ఒప్పందంలోని ఒక షరతు: అదే సిస్టమ్‌ను ఎంఎస్ డాస్ పేరుతో ఇతర కంపెనీలకు అమ్ముకునే హక్కును మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. ఐబీఎం యంత్రాన్ని అనుకరిస్తూ పుట్టుకొచ్చిన కంపెనీలన్నీ డాస్ కోసం ఆ ఒక్క గడపే తొక్కవలసి వచ్చింది.

తర్వాత అమల్లోకి వచ్చిన లైసెన్సు పద్ధతిని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా అన్నయ్య ఇంటి బిల్లుకు మూలం అక్కడే ఉంది. తయారీదారు డాస్ ఎక్కించిన యంత్రాలను మాత్రమే లెక్కగట్టకుండా, అమ్మిన ప్రతి ప్రాసెసరుకూ ఇంత అని మైక్రోసాఫ్ట్ రుసుము వసూలు చేసింది. మెస్సులో భోజనం టికెట్టులోనే పెరుగు ధర కలిపేశారనుకోండి. మనం పెరుగు వద్దన్నా డబ్బు తగ్గదు, బయటి నుంచి మజ్జిగ తెచ్చుకుంటే ఆ ఖర్చు అదనం. డిజిటల్ రీసెర్చ్ వారి డీఆర్ డాస్ లాంటి పోటీ సరుకు ఎంత బాగున్నా, దాన్ని ఎక్కించే తయారీదారు రెండింటికీ చెల్లించినట్టే అయ్యేది. 1994 జులైలో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం మేరకు మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని మానుకుంది. కానీ అప్పటికే డాస్ వచ్చి పదేళ్లకు పైగా గడిచిపోయింది, ఆపరేటింగ్ సిస్టమ్ యంత్రంలో భాగమేనన్న భావన కొనేవారి మనసుల్లో పాతుకుపోయింది. మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన విండోస్ 95 ఆ భావనను ఇంకా గట్టిపరిచింది.

ముందే ఎక్కించిన స్థానానికి ఎంత బలముందో బీ అనే చిన్న సంస్థ అనుభవం చూపిస్తుంది. 1990ల చివర్లో హిటాచీ కొన్ని కంప్యూటర్లలో విండోస్‌తోపాటు ఆ సంస్థ తయారుచేసిన బీఓఎస్‌ను కూడా ఎక్కించి అమ్మింది. కానీ యంత్రం వెలిగినప్పుడు ఏది కావాలని అడిగే పట్టిక కనిపించేది కాదు. రెండో సిస్టమ్ డిస్కులోనే ఉన్నా, సూచనల ప్రకారం దాన్ని వెలికి తీసుకుంటే తప్ప కొన్నవాడికి దాని జాడ తెలియదు. ఇందుకు మైక్రోసాఫ్ట్ లైసెన్సు షరతులే కారణమని బీ సంస్థ 2002లో దావా వేసింది. 2003లో 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోలేదు, బీ సంస్థ అప్పటికే వ్యాపారం మూసేసింది.

వాడని విండోస్‌కు డబ్బు తిరిగి ఇవ్వాలన్న పోరాటమూ జరిగింది. షరతులకు ఒప్పుకోకపోతే డబ్బు వాపసు కోసం తయారీదారును సంప్రదించవచ్చని లైసెన్సులోనే రాసి ఉండటంతో, 1999 ఫిబ్రవరి 15న లినక్స్ వాడేవారు కొందరు కాలిఫోర్నియాలోని మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్లి వాపసు కోరారు, ఉత్తచేతులతో తిరిగివచ్చారు. సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి అమ్మడం దానంతటదే అన్యాయమైన వ్యాపార పద్ధతి కాబోదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. నేటి లైసెన్సు ప్రకారం వాపసు విధానం తయారీదారు ఇష్టం, యంత్రం మొత్తాన్ని తిరిగి ఇచ్చేయమని కూడా అడగవచ్చు. కాబట్టి అన్నయ్య చెప్పినట్టు డబ్బు పోసిన మాట నిజమే. దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి మాత్రం ఆచరణలో మూసుకుపోయినట్టే.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనూ, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ విడిభాగాలు కొని కూర్పించుకున్న కంప్యూటర్లలో విండోస్‌కు ఒక లైసెన్సు ఉంటుందని మా తరంలో చాలామందికి తెలియనే తెలియదు. ధర తగ్గుతుందని నేను కొన్న మొదటి లాప్‌టాప్ ఫ్రీడాస్‌తో వచ్చింది. డాస్‌కు కాలం చెల్లనున్నదని తెలిసి 1994లో జిమ్ హాల్ అనే అమెరికన్ విద్యార్థి మొదలుపెట్టిన ఉచిత సిస్టమ్ అది. నల్లటి తెర మీద మిణుకుమనే గీత తప్ప ఇంకేమీ కనిపించలేదు. కొట్టు కుర్రాడు "విండోస్ ఎక్కించి ఇస్తాను సార్" అని డిస్కు పెట్టి గంటలో పని ముగించాడు. కొన్ని నెలలకు తెర నల్లబడి, ఇది అసలు కాపీ కాదన్న అక్షరాలు కుడి మూలన వచ్చి కూర్చున్నాయి. ఆ లాప్‌టాప్‌లో నేను చేసిన ప్రతి పనికీ పక్కన ఆ మాట ఉండేది, అది నన్ను నిజంగా బాధపెట్టింది. లినక్స్ వైపు నేను తిరిగింది ఆ బాధతోనే.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌కు బెంగళూరులో గట్టి పునాదే పడింది. 2001లో లినక్స్ బెంగళూరు పేరుతో మొదలై, తర్వాత ఫాస్ డాట్ ఇన్‌గా మారిన వార్షిక సదస్సు 2012 వరకు ఈ నగరంలోనే జరిగింది. కొట్లలో లినక్స్ లాప్‌టాప్‌లకు అవకాశం దక్కినట్టు కనిపించింది మాత్రం ఒక్కసారే. 2007లో ఆసుస్ సంస్థ 'ఈ పీసీ' (Eee PC) అనే ఏడంగుళాల చిన్న యంత్రాన్ని లినక్స్‌తో అమ్మింది. అలాంటి చవక యంత్రాల కోసం మైక్రోసాఫ్ట్ 2008లో పాత విండోస్ ఎక్స్‌పీ అమ్మకాల గడువు పొడిగించింది, కొద్దికాలంలోనే ఆ స్థానమూ విండోస్‌దే అయింది.

2012లో విండోస్ 8తోపాటు సెక్యూర్ బూట్ అనే రక్షణ ఏర్పాటు వచ్చింది. యంత్రం వెలిగేటప్పుడు గుర్తింపు పొందిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే అది నడవనిస్తుంది. లినక్స్‌కు తలుపులు మూసుకుపోతాయన్న భయం అప్పట్లో తీవ్రంగా ఉండేది. మైక్రోసాఫ్ట్ సంతకంతోనే నడిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ఆ చిక్కు విప్పింది కాబట్టి ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకాలు నేడు సెక్యూర్ బూట్ తీయకుండానే ఎక్కుతాయి. అదే కాలంలో జరిగిన మరో మార్పు గురించి చాలామందికి తెలియదు. అప్పటి నుంచి విండోస్ లైసెన్సు తాళంచెవిని తయారీదారులు యంత్రపు మదర్‌బోర్డులోనే ఉంచుతున్నారు. డిస్కు మొత్తం చెరిపేసినా, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి అదే విండోస్ దింపుకుని మళ్లీ ఎక్కిస్తే, నంబరు అడగకుండానే లైసెన్సు గుర్తుపడుతుంది. పోయేది యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చేందుకు తయారీదారు డిస్కులో పెట్టిన రికవరీ భాగం. ఇంకా, లాప్‌టాప్‌తో కలిపి ఇచ్చిన ఆఫీస్‌ను ముందుగా మన ఖాతాకు జతచేయకపోతే అది కూడా పోవచ్చు.

ఈ విషయం తెలిశాక అన్నయ్య కొంత మెత్తబడ్డాడు. ఆయన అకౌంటెంటు, బెంగళూరులోనే తయారయ్యే టాలీ అనే జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసిందే. తెలుగు డీటీపీ చేసేవారు వాడే 'అను' ఫాంట్ల సంగతీ అంతే. అమ్మాయికి ఆ అవసరాలు లేవు. యూనికోడ్ తెలుగు రెండింటిలోనూ వస్తుంది, భారతీయ భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండింటిలోనూ ఉంది. ప్రోగ్రామింగ్ పాఠాలకు లినక్స్ నిజంగానే హాయి. అయినా సీనియర్ల మాట పట్టుకుని మొదటి రోజే చెరపడం నాకు నచ్చలేదు. ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో పెట్టి, డిస్కు జోలికి పోకుండా అక్కడినుంచే నడిపి చూడమన్నాను. వైఫై, శబ్దం, కెమెరా, మూత మూస్తే నిద్రపోయి తెరిస్తే లేవడం: ఇవి ఆ యంత్రం మీద పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి అంతకన్నా భద్రమైన దారి లేదు.

దానికన్నా ముందు ఇంకో పని చేయించాను. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావరకు డిస్కు తనంతట తానే గూఢలిపిలోకి మారిపోతుంది. బూట్ సెట్టింగులు కదిపితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే లోపలి ఫైళ్లు చేతికి రావు. ఆదివారం రాత్రి అమ్మాయి తన ఖాతాలోంచి ఆ కీ తెరిచింది. అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులూ బిగ్గరగా చదివాడు, ఆమె నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని, ఒకసారి తిరిగి చదివి సరిచూసుకుంది. పెన్‌డ్రైవ్ మరుసటి రోజు సాయంత్రం పెట్టింది. వైఫై వచ్చింది, శబ్దం వచ్చింది, వేలిముద్ర మాత్రం తీసుకోలేదు. ప్రస్తుతానికి విండోస్‌ను ఉంచి, డిస్కులో 100 జీబీ పక్కన పెట్టి అందులో లినక్స్ ఎక్కించుకుంది. సెమిస్టరు అయ్యాక మళ్లీ ఆలోచిస్తానంటోంది.