బ్రెడ్‌లో చిల్లులు ఎవరు పెట్టారు?

చిన్నీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. సెలవుల్లో మీ అమ్మ మీ చేత వంటపని చేయిస్తోందని రాశారు, సంతోషం. అందులో చిన్ని అడిగిన ప్రశ్న మాత్రం రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. "తాతయ్యా, పిండి ముద్ద చేసినప్పుడు ఒక్క చిల్లు కూడా లేదు. బ్రెడ్ కాలాక కోసి చూస్తే అన్నీ చిల్లులే. ఎవరు పెట్టారు?"

ఎవరో పెట్టి ఉంటారన్న నీ అనుమానం నిజమే చిన్నీ. వాళ్ళు మీ వంటింట్లోనే, చిన్న పొట్లంలో నిద్రపోతున్నారు.

ఆ పొట్లంలో రవ్వలా కనిపించేదే ఈస్ట్. చూడ్డానికి రవ్వ, కానీ ప్రాణం ఉంది. పుట్టగొడుగులకు దూరపు చుట్టం. ఒక్కొక్కటీ ఎంత చిన్నదంటే, వందకు పైగా వరసగా పేరిస్తే గానీ ఒక మిల్లీమీటరు నిండదు. చిటికెడు తీసుకున్నా మీ చేతిలో కోట్లమంది ఉన్నట్టే.

వాళ్ళని రాత్రి బస్సులో ప్రయాణం చేసి మీ ఇంటికొచ్చిన చుట్టాలనుకోండి. అలిసిపోయి ముడుచుకుని పడుకున్నారు. చన్నీళ్ళు చల్లితే లేవకపోగా దుప్పటి ఇంకా పైకి లాక్కుంటారు. మరిగే నీళ్ళు పోస్తే ఇక ఎప్పటికీ లేవరు. గోరువెచ్చని నీళ్ళు కావాలి, 35 నుంచి 40 డిగ్రీలు. అందులో ఒక చెంచా చక్కెర కలిపి, ఈస్ట్ చల్లి, పది నిమిషాలు వదిలేయండి. పైన నురగ కట్టిందంటే చుట్టాలు లేచి టిఫిన్ ఏదని అడుగుతున్నారన్నమాట. నురగ రాలేదా, ఆ ఈస్ట్ పాతబడిపోయింది, దాంతో పిండి పాడుచేసుకోకండి.

నా చేతిలో పోయిన ఈస్ట్ సంగతి చెబుతాను. నాకు పదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే, నేనే బ్రెడ్ చేసి అందర్నీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. వెచ్చగా ఉంటే మంచిదని విన్నాను కాబట్టి, సలసల కాగే నీళ్ళయితే ఇంకా మంచిదని నా లెక్క. ముద్ద పొంగలేదు. పొంగకపోయినా కాల్చేశాను. వచ్చింది బ్రెడ్ కాదు, ఇటుక. మా తమ్ముడు దాన్ని గోడకేసి కొట్టి చూశాడు, గోడకున్న సున్నం రాలింది. అమ్మ తిట్టలేదు. మర్నాడు నీళ్ళు వెచ్చబెట్టి, నా ముంజేతి మీద ఒక చుక్క వేసి, "చల్లగా ఉందా, వేడిగా ఉందా?" అంది. రెండూ కాదన్నాను. "అదే" అంది. నేను ఇప్పటికీ థర్మామీటరు కొనలేదు.

సరే, చుట్టాలు లేచారు. లేచాక ఏం చేస్తారు? తింటారు. చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. కాస్త ఆల్కహాల్ కూడా తయారవుతుంది, కంగారుపడకండి, కాలేటప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది. ఇప్పుడు వాళ్ళుండే ఇల్లు మీ పిండి ముద్దే. గాలి నిండేకొద్దీ ఆ ఇల్లు ఉబ్బుతుంది. "ఇల్లెక్కడైనా ఉబ్బుతుందా తాతయ్యా?" అని బుజ్జి అడుగుతాడని తెలుసు. నా పోలిక ఇక్కడ కొంచెం కుంటుతోంది, అయినా వదలను. ఇది రబ్బరు ఇల్లురా. గోధుమపిండిలోని ప్రొటీన్లు నీళ్ళు తగలగానే ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. దాని పేరు గ్లూటెన్. పిసికేకొద్దీ ఆ వల బలపడుతుంది. అందుకే పది నిమిషాలు పిసకమనేది.

చాలో లేదో తెలియాలంటే, ఉసిరికాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్ళతో మెల్లగా సాగదీయండి. వెంటనే తెగితే ఇంకా పిసకాలి. పలచటి పొరలా సాగి, కిటికీకేసి పట్టుకుంటే అవతలి వెలుతురు, మీ వేలి నీడ కనిపిస్తే చాలు. నాకు బ్రెడ్ తినడం కన్నా ఈ పొర చూడడమే ఎక్కువ ఇష్టం.

కొలతలు రాసుకోండి. పిండి 500 గ్రాములు, డ్రై ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, నీళ్ళు 300 మిల్లీలీటర్లు, రెండు చెంచాల నూనె. పిండి పొడిగా అనిపిస్తే ఇంకాస్త నీళ్ళు. మూతపెట్టి గంటసేపు వదిలేస్తే రెట్టింపవుతుంది, చలిగా ఉంటే ఇంకా ఆలస్యం. గడియారాన్ని కాదు, ముద్దని చూడండి. వేలితో గుచ్చితే గుంట మెల్లగా పైకి రావాలి. తర్వాత మెత్తగా అణిచి, నూనె రాసిన అచ్చులో పెట్టి, మళ్ళీ నలభై నిమిషాలు ఆగి, 220 డిగ్రీల ఓవెన్‌లో అరగంట. ట్రే పెట్టడం, తీయడం మాత్రం అమ్మే చెయ్యాలి. అడుగున వేలితో తడితే డొల్లగా మోగాలి.

వంటసోడా వేస్తే అయిపోదా అంటాడు బుజ్జి, వాడికన్నీ తొందరే. సోడాకి నిమ్మరసమో పెరుగో తగిలిన క్షణంలోనే అదే గాలి వస్తుంది. కేకుకి అది చాలు. కానీ ఈస్ట్ నిదానంగా తింటూ ముద్దకు తెచ్చే రుచి, వాసన సోడాకి రావు.

ఎలాగూ ఓవెన్ వేడెక్కింది కదా, బ్రెడ్ తీశాక 200 డిగ్రీలకు తగ్గించి పక్కకి నంజుకోవడానికేదైనా చేసుకోండి. బంగాళదుంప, క్యారెట్ ముక్కలకు నూనె, ఉప్పు, మిరియాలు పట్టించి నలభై నిమిషాలు పెట్టండి, మధ్యలో ఒకసారి తిప్పండి. ముక్కల్ని ఎడంగా పరవండి. ఇరుకుగా పోస్తే ఆవిరికి ఉడుకుతాయి తప్ప వేగవు. పైన తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, ఎర్రగా వేగడానికేమో 140 పైన కావాలి. బ్రెడ్ పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉండేది కూడా అందుకే. మిగిలిన బ్రెడ్ ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటకన్నా అక్కడే త్వరగా గట్టిపడుతుంది.

ఇక నీ ప్రశ్న, చిన్నీ. ఓవెన్‌లో పెట్టిన మొదటి కొద్ది నిమిషాలు ముద్ద చకచకా లేస్తుంది. లోపల 60 డిగ్రీలకు చేరేసరికి చుట్టాల కథ ముగుస్తుంది. ఇల్లు గట్టిపడి నిలబడిపోతుంది. నువ్వు చూసిన చిల్లులు వాళ్ళు ఖాళీ చేసిన గదులు. అయితే ఒక విచిత్రం. ఈస్ట్ కొత్తగా బుడగలు పుట్టించదు, ఉన్నవాటిని ఊదుతుందంతే. నువ్వు పిసికేటప్పుడు కంటికి కనబడనంత గాలి బుడగలు ముద్దలో చిక్కుకుంటాయి. గదులకు ముగ్గు పోసింది నువ్వే!

అది ఎలా జరుగుతుందో ఇంతకన్నా చెప్పడం నా వల్ల కాదు. ఈసారి చేసేటప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసి గాజు గ్లాసులో అదిమి, దాని ఎత్తుకి రబ్బరు బ్యాండు వేసి, పక్కనుంచి చూస్తూ ఉండండి. ఎన్ని నిమిషాలకు బ్యాండు దాటిందో, ఏ బుడగ ముందు కనబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య